శాసనం ఎవరిది, శాస్తి ఎవరిది

శాసనం అంటే చరిత్ర చదివినవాళ్లకు రాతి పలక, రాగి రేకు. పత్రిక చదివేవాళ్లకు అసెంబ్లీలో నెగ్గిన బిల్లు. కడప సీమలో కలమళ్ల గుడి ఆవరణలో దొరికిన ఆరో శతాబ్దపు రాయీ శాసనమే, వెలగపూడిలోనో హైదరాబాదులోనో సభ్యులు మొన్న ఆమోదించినదీ శాసనమే. మధ్యలో 1400 ఏళ్లు గడిచినా మాట మారలేదు. మారకపోవడం వల్లే ఒక పెద్ద సంగతి మన కంటికి ఆనడం లేదని నాకనిపిస్తుంది. రాతి మీది శాసనం వెనక నిలబడినవాడు ఒక్కడు. సభలో నెగ్గిన శాసనం వెనక ఒక్కడే నిలబడకూడదు. ఈ రెంటి నడుమ వచ్చిన మార్పును పాఠ్యపుస్తకాలు ‘అధికార విభజన’ అని ఒక్క పొడి మాటలో చెప్పి ఊరుకుంటాయి. ఆ పొడి మాట చెప్పని విషయం శాసనం అనే మాట తన పుట్టుకలోనే దాచుకుంది.

శాస్ అనే ధాతువు చిన్నది, దాని సంతానం పెద్దది. శాస్త్రం, శిష్యుడు, శాసనం, అనుశాసనం, శాస్తి అన్నీ అందులోంచి వచ్చినవే. పాణినీయ ధాతుపాఠం దానికిచ్చిన అర్థం ‘అనుశిష్టి’, అంటే బోధించి దారిలో పెట్టడం. మొదటి అర్థం బోధే. పాలీలో ‘సాసనం’ అంటే బుద్ధుడి బోధ. శ్రీలంకలో, బర్మాలో బౌద్ధులు ఆ మాటను ఈనాటికీ అదే అర్థంలో వాడుతున్నారు. పతంజలి వ్యాకరణానికి పెట్టిన పేరు శబ్దానుశాసనం. మన సంప్రదాయం నన్నయను వాగనుశాసనుడంది. ఇలాంటి శాసనంలో బలప్రయోగం లేదు. తప్పు రాసినవాణ్ణి చెరలో పెట్టించే హక్కు వ్యాకర్తకు లేదు. ఇది ఒప్పు, ఇది తప్పు అని చెప్పడంతో అతని పని అయిపోతుంది.

చెప్పేవాడి వెనక సైన్యం ఉంటే సంగతి వేరు. అప్పుడు బోధ ఆజ్ఞ అవుతుంది, ఆజ్ఞ మీరినవాడికి దండన పడుతుంది. సంస్కృత నిఘంటువులు శాసనానికి ఉపదేశం, ఆజ్ఞ, ఏలుబడి, దండన అనే అర్థాలన్నీ ఒకే చోట ఇస్తాయి. ఇంద్రుణ్ణి ప్రబంధ కవులు పాకశాసనుడంటారు. ఇంద్రుడు పాకుడనే రాక్షసుడికి నీతులు చెప్పలేదు, వాణ్ణి చంపాడు. ఆ సమాసంలో శాసనమంటే చంపడమే. చెప్పడం, చేయించడం, శిక్షించడం అనే మూడూ ఒక్క మాటలో ఉండటానికి భాషాదోషం కారణం కాదు. ఆ మాట వాడుకలో పెరిగిన రోజుల్లో ఆ మూడూ ఒక్క మనిషి చేతిలోనే ఉన్నాయి.

ఆధునిక భారతీయ భాషలు ఈ ఉమ్మడి ఆస్తిని తలా ఒక ముక్కగా తీసుకున్నాయి. హిందీలో రాష్ట్రపతి శాసన్ అంటే రాష్ట్రపతి పాలన, ప్రశాసన్ అంటే అధికార యంత్రాంగం. మరాఠీలో మహారాష్ట్ర ప్రభుత్వం పేరే మహారాష్ట్ర శాసన్. అంటే వాళ్లు ఆ మాటను సచివాలయానికి ఇచ్చారు. మనం, కన్నడిగులు చట్టాలు చేసే సభకిచ్చాం. మనకు శాసనసభ, శాసనమండలి ఉంటే, కన్నడంలో ఎమ్మెల్యేనే ‘శాసక’ అంటారు. ఇక దండన అనే మూడో ముక్క తెలుగు ఇళ్లలో, వీధుల్లో మిగిలింది. ‘వాడికి తగిన శాస్తి జరిగింది’ అంటాం. ఆ శాస్తిదీ, శాసనసభ తలుపు మీద రాసిన శాసనానిదీ ఒకే వేరు. పల్లెలో ఆ మాట అనేవాళ్లు శాస్తి ఎవరు చేశారో చెప్పరు. శాస్తి ‘జరుగుతుంది’, దానికి కర్త ఉండడు. దేవుడో కాలమో చేసిందని వాళ్ల నమ్మకం. ఆ కర్తలేనితనాన్ని గుర్తుంచుకోవాలి, ముందు దానితో పనుంది.

(శిక్ష కూడా ఇదే దారిన నడిచిన మాట. దాని ధాతువు వేరు, అర్థం నేర్చుకోవడం. హిందీలో శిక్షా అంటే చదువు, మనకు శిక్షణ అంటే తర్ఫీదు, శిక్ష అంటే మాత్రం జైలు. బోధ దండనగా మారే దారి మన సమాజంలో ఎంత నలిగినదో ఈ రెండు మాటలూ కలిసి చెబుతాయి.)

సంస్కృతం నుంచి వచ్చిన మాట ఇలా మూడు పనులనూ కలిపి మోస్తుంటే, అచ్చ తెలుగులో మూడు పనులకూ మూడు క్రియలున్నాయి. నియమం పెట్టడం ‘కట్టడం’. కట్టుబాటు, కట్టడి, కట్టడ దానినుంచి వచ్చాయి. తెలుగు బైబిలులో దేవుడి విధులను ‘కట్టడలు’ అన్నది ఈ అర్థంలోనే. రాజ్యం నడపడం ‘ఏలడం’, దానినుంచి ఏలిక, ఏలుబడి. తగువు ముగించడం ‘తీర్చడం’, దానినుంచి తీర్పు, తీర్పరి. కట్టినవాడే ఏలవచ్చు, ఏలినవాడే తీర్చవచ్చు, చరిత్రలో చాలాసార్లు అలాగే జరిగింది. అయినా ఏ పని ఏదో నాలుక విడివిడిగా గుర్తుపట్టింది. ఊళ్లో ఇద్దరు పొలంగట్టు దగ్గర పోట్లాడుకుంటే తీర్పు కావాలంటారు, కట్టడి కావాలనరు. తీర్పులో ఉన్న తీరడం చాలా మంచి మాట. గొడవ తీరాలి, మనసులో కసి తీరాలి, రేపు మళ్లీ ఎవరూ దాన్ని లేవనెత్తకూడదు. కొత్త నియమం చేసేవాడి చూపు రేపటి మీద ఉంటుంది, తీర్పు చెప్పేవాడి చూపు జరిగిపోయినదాని మీద ఉంటుంది. ఈ రెండు చూపులూ ఒక్కడికే ఉంటే, జరిగిపోయినదానికి సరిపోయేలా రేపటి నియమాన్ని రాసుకుంటాడు. అధికారాలను వేరు చేయాలనడానికి నాకు తెలిసిన అతి బలమైన కారణం ఇది.

చట్టం అనే మాటా మనదే. తమిళంలోనూ తెలుగులోనూ దానికి చట్రం అనే అర్థం ఉంది. శాసనం పైనుంచి దిగే గొంతు, చట్టం నాలుగు వైపులా ఉండే హద్దు. హద్దు గీసినవాడు కూడా ఆ హద్దులోనే ఉండాలి. పత్రికల్లో శాసనసభ, చట్టసభ అనే రెండు మాటలనూ తేడా లేకుండా వాడుతుంటాం. నన్నడిగితే చట్టసభే మేలైన పేరు.

ఇప్పుడు రాళ్ల దగ్గరికి వెళదాం. కర్నూలు సీమలో గుత్తికి దగ్గరగా ఎర్రగుడి కొండ మీద అశోకుడి రాతలున్నాయి. బ్రాహ్మి లిపిలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడిచే అరుదైన రాత అది. అందులో రజ్జుకులనే ఉద్యోగులకు ఇవ్వాల్సిన ఆదేశాలున్నాయి. ఈ రజ్జుకుల గురించి అశోకుడు ఉత్తరాది స్తంభాల మీద, నాలుగో స్తంభలేఖలో, మరో మాట చెప్పాడు. లక్షల మంది ప్రజల మీద నియమించిన ఈ ఉద్యోగులకు దండన విషయంలో స్వతంత్రత ఇచ్చాడు. విచారణలో సమానత, దండనలో సమానత ఉండాలన్నాడు. మరణశిక్ష పడినవాళ్లకు మూడు రోజుల గడువిచ్చాడు. రాజు తన చేతిలోని దండాన్ని కొంత మరొకరికి వదిలిపెట్టిన తొలి రాతల్లో ఇదొకటి. ఈ లేఖలను అశోకుడు ధమ్మలిపి అన్నాడు. సారనాథ్ స్తంభం మీద, సంఘాన్ని చీల్చేవాళ్లను హెచ్చరించే ఆదేశానికి మాత్రం ‘సాసన’ అనే మాట వాడాడు. బోధించేటప్పుడు లిపి, హెచ్చరించేటప్పుడు సాసన. మాట అప్పటికే ఎటు మొగ్గిందో ఇక్కడ కనిపిస్తుంది.

కౌటిల్యుడు అర్థశాస్త్రంలో వివాదానికి నాలుగు పాదాలు చెప్పాడు. ధర్మం, వ్యవహారం, చరిత్ర, రాజశాసనం. చరిత్ర అంటే ఇక్కడ ఆచారం, వ్యవహారమంటే సాక్షులతో నడిచే విచారణ. నాలుగింటిలో వెనకది ముందుదాన్ని మించుతుందన్నాడు. అంటే చివరి మాట రాజశాసనానిది. విచారణలో సాక్షులు ఏం చెప్పినా, ఊరి ఆచారం ఏదైనా, రాజు రాయించిన పత్రం వాటి మీద కూర్చుంటుంది.

మన తూర్పు చాళుక్యుల రాగి రేకులు చూస్తే పని ఎంత చక్కగా పంచుకున్నారో ఆశ్చర్యం వేస్తుంది. దానమిచ్చేవాడు రాజు. దాన్ని అమలులో పెట్టేవాడి పేరు ‘ఆజ్ఞప్తి’. పద్యాలు రాసినవాడు కావ్యకర్త, రేకు మీద చెక్కినవాడు లేఖకుడు. రాజరాజ నరేంద్రుడు 1053లో ఇచ్చిన నందంపూడి శాసనానికి కావ్యకర్త నన్నయే. వాగనుశాసనుడనిపించుకున్న కవి నిజంగానే ఒక రాజశాసనం రాశాడు. ఈ ఆజ్ఞప్తినే నేటి భాషలో కార్యనిర్వాహకుడనాలి. పనులు పంచారు గాని అధికారం పంచలేదు. ఆజ్ఞప్తి రాజుకు ఎదురు చెప్పలేడు. రేపు రాజు కొడుకు ఆ పొలాన్ని వెనక్కి లాక్కుంటే, దానం పొందినవాడు తలుపు తట్టడానికి మరో ఇల్లు లేదు.

అందుకే శాసనాల చివర శాపాలుంటాయి. తాను ఇచ్చిన భూమినైనా, ఇతరులు ఇచ్చిన భూమినైనా హరించినవాడు 60,000 ఏళ్లు మలంలో పురుగై పుడతాడని ఒకటి. వారణాసిలో కపిల గోవులను చంపిన పాపం తగులుతుందని ఇంకొకటి. అన్నిటికన్నా నన్ను కదిలించేది, రాముడు రాబోయే రాజులందరినీ మళ్లీ మళ్లీ బతిమాలుకుంటున్నట్టు ఉండే శ్లోకం. ఈ ధర్మం మనందరికీ ఉమ్మడి వంతెన, దీన్ని కాపాడండి అని అర్థిస్తాడు. సార్వభౌముడు శాసనం రాయించి, చివరికి వచ్చేసరికి యాచకుడవుతున్నాడు. తన మాటను తన తర్వాతివాడు నిలబెట్టేలా చేసే సాధనం అతని చేతిలో లేదు. ఇచ్చిన మాటకు కట్టుబడేలా పాలకుణ్ణి నిలదీయగల మూడోవాడు ఆ వ్యవస్థలో లేడు. ఆ ఖాళీలో పాపభయాన్ని పెట్టారు. పల్లెటూరి నోట శాస్తికి కర్త లేకపోవడానికీ మూలం ఇదే. పైవాడు తప్పు చేస్తే శిక్షించే మనిషి కనబడనప్పుడు, శిక్ష తనంతట తానే జరుగుతుందని నమ్మక తప్పదు.

బాపట్ల జిల్లా మోటుపల్లి రేవులో కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతంలో వేయించిన అభయశాసనం ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. తుఫానుకు దారితప్పి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలను వెనకటి రాజులు బలవంతంగా లాక్కునేవారని అందులో దాపరికం లేకుండా రాయించాడు. ప్రాణాల కంటే సంపదే గొప్పదనుకుని సముద్రానికి తెగించిన వర్తకుల మీద దయతో, నిర్ణీత సుంకం తప్ప మిగతాదంతా వదిలేస్తున్నామన్నాడు. ఎగుమతి, దిగుమతుల మీద సుంకం ముప్పయ్యో వంతు. శాసనమంటే ప్రజల మీద పెట్టే ఆజ్ఞ అనుకుంటాం. ఇక్కడ రాజు తన చేతులకు తానే కట్టు వేసుకున్నాడు. రాజ్యాంగానికి ఇంత దగ్గరగా వచ్చిన పాత తెలుగుదేశపు రాత మరొకటి నా దృష్టిలో లేదు. అయినా అది రాజ్యాంగం కాలేకపోయింది. కాకతీయులు పోయారు. 1358లో రెడ్డిరాజు అనవోతారెడ్డి అదే మోటుపల్లిలో వర్తకులకు మళ్లీ కొత్తగా అభయం ఇవ్వాల్సి వచ్చింది. మాట ఇచ్చినవాడితోపాటే మాటా పోయింది. గణపతిదేవుడు మంచివాడు కాబట్టి శాసనం మంచిదైంది. వర్తకుడికి కావలసింది రాజు మంచితనంతో పని లేకుండా నిలిచే హామీ.

కుంపిణీవాళ్ల కాలంలో ఈ ముడి విప్పడానికి ఒక ప్రయత్నం జరిగింది, మళ్లీ బిగిసింది. 1793లో కారన్‌వాలిస్ బెంగాలులో పన్ను వసూలును, న్యాయవిచారణను వేరు చేశాడు. మద్రాసు రాజధానిలో థామస్ మన్రో అది కుదరదన్నాడు. 1816 నిబంధనలతో మేజిస్ట్రేటు అధికారం, పోలీసు రెండూ జిల్లా జడ్జి నుంచి కలెక్టరుకు మారాయి. మన్రోను రాయలసీమ నేటికీ ప్రేమతో తలుచుకుంటుంది, పిల్లలకు ఆయన పేరు పెట్టుకుంది. ఆ ప్రేమకు తగినవాడే ఆయన. కాని శిస్తు వసూలు చేసే చేతికే సంకెళ్లు వేసే అధికారం ఇవ్వడం రైతుకు మేలు చేయలేదని నా అభిప్రాయం. మంచి కలెక్టరు ఉన్నచోట అది దయగా కనిపిస్తుంది, లేనిచోట దిక్కు ఉండదు. భారత జాతీయ కాంగ్రెస్ పుట్టిన మరుసటి ఏడే, 1886లో, న్యాయశాఖను కార్యనిర్వాహక శాఖ నుంచి వేరుచేయమని తీర్మానించడానికి కారణం జిల్లాల్లో పడిన ఈ బాధే.

హైదరాబాదు సంస్థానం ఈ విషయంలో బ్రిటిష్ ఇండియా కంటే ముందు నడిచింది. మూసీ ఒడ్డున 1920లో హైకోర్టు భవనం తెరుచుకున్న ఆ రోజుల్లోనే ఏడో నిజాం న్యాయశాఖను పాలనాశాఖ నుంచి వేరుచేస్తూ ఫర్మానా ఇచ్చాడు. అది మెచ్చుకోవలసిన పని. అయితే అధికారాలను వేరుచేసిన ఆ పత్రం కూడా ఫర్మానాయే. ఫర్మానాను ఇంకో ఫర్మానా రద్దు చేయగలదు. మోటుపల్లి సమస్య ఏడు వందల ఏళ్ల తర్వాత మూసీ ఒడ్డునా తీరలేదు.

దాన్ని తీర్చే ప్రయత్నం 1946 తర్వాత ఢిల్లీలో రాజ్యాంగ సభ చేసింది. 1948 డిసెంబరులో కె.టి. షా అనే సభ్యుడు రాజ్యాంగంలో అధికారాల సంపూర్ణ విభజనను ఒక అధికరణంగా చేర్చాలని సవరణ పెట్టాడు. సభ ఒప్పుకోలేదు. మంత్రులు చట్టసభలోంచే వచ్చే పద్ధతిని ఎంచుకున్నాక సంపూర్ణంగా వేరుచేయడం కుదరదు. అందుచేత మన రాజ్యాంగంలో అధికార విభజన అనే మాట ఒక అధికరణంగా ఎక్కడా లేదు. 50వ అధికరణం మాత్రం న్యాయశాఖను కార్యనిర్వాహక శాఖ నుంచి వేరుచేయడానికి రాజ్యం చర్యలు తీసుకోవాలంటుంది. ఆదేశిక సూత్రం కనుక దాన్ని కోర్టు ద్వారా అమలు చేయించలేం. మొదట మూడేళ్ల గడువు పెట్టాలనుకుని, దాన్నీ తీసేశారు.

మాట లేకపోయినా భావం ఉందని సుప్రీంకోర్టు తేల్చింది. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో 13 మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏడుగురికి ఆరుగురుగా చీలి, రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు సవరణలతో చెరపలేదని చెప్పింది. ఆ ఏడుగురిలో హైదరాబాదు నుంచి వెళ్లిన పి. జగన్మోహన్ రెడ్డి ఒకరు. మౌలిక స్వరూపంలో మూడు శాఖల మధ్య అధికారాల వేరుదనాన్ని ప్రధాన న్యాయమూర్తి సిక్రీ స్పష్టంగా లెక్కవేశారు.

రెండేళ్లకే ఆ మాటకు పరీక్ష వచ్చింది. 1975 జూన్ 12న అలహాబాదు హైకోర్టు ప్రధాని ఇందిరా గాంధీ ఎన్నికను కొట్టేసింది. ఆగస్టులో పార్లమెంటు 39వ రాజ్యాంగ సవరణ తెచ్చింది. 329ఎ అధికరణంలోని నాలుగో క్లాజు, ప్రధాని ఎన్నికకు పాత ఎన్నికల చట్టమేదీ వర్తించదని, ఏ కోర్టు ఏం చెప్పినా ఆ ఎన్నిక చెల్లుతుందని ప్రకటించింది. పైకి అది శాసనం, లోపల తీర్పు. ఒక్క మనిషి ఒక్క వ్యాజ్యంలో గెలిచినట్టు పార్లమెంటు రాసుకుంది. నవంబరు 7న సుప్రీంకోర్టు ఆ క్లాజును కొట్టేసింది. సవరించిన ఎన్నికల చట్టం ప్రకారం ఎన్నిక మాత్రం నిలిచింది. ఆ రోజుల్లో దేశంలో అత్యవసర పరిస్థితి ఉంది, నాయకులు జైళ్లలో ఉన్నారు. అయినా న్యాయమూర్తులు ఇది చట్టం చేయడం కాదు, తగువు తీర్చడం అని గుర్తుపట్టారు. కట్టడం వేరు, తీర్చడం వేరు అని మన భాష ఏనాడో గుర్తుపట్టిన తేడా ఇదే. సభ కట్టవచ్చు, తీర్చకూడదు.

మరోవైపు, ఈ గీతను తరచుగా దాటేది కార్యనిర్వాహక శాఖ. సభ సమావేశంలో లేనప్పుడు గవర్నరు ఆర్డినెన్సు తేవచ్చు, సభ కలిసిన ఆరు వారాలకు దాని ఆయుష్షు తీరాలి. బీహారులో 1967 నుంచి 1981 వరకు 256 ఆర్డినెన్సులను మళ్లీ మళ్లీ జారీ చేస్తూ బతికించారు, ఒకటి దాదాపు 14 ఏళ్లు బతికింది. డి.సి. వాధ్వా అనే పరిశోధకుడు ఆ లెక్కలు బయటికి తీసి కోర్టుకెళ్లాడు. 1986లో సుప్రీంకోర్టు దాన్ని రాజ్యాంగానికి మోసమంది.

మన రెండు రాష్ట్రాల్లో సామాన్యుడికి తెలిసిన శాసనం జీవో. స్థానికుల ఉద్యోగాల సంగతి వస్తే 610 అంటారు, హైదరాబాదు జంట జలాశయాల సంగతి వస్తే 111 అంటారు. వాటికి ఆధారమైన చట్టమో రాష్ట్రపతి ఉత్తర్వో ఏదని అడిగితే చాలామంది చెప్పలేరు. ఏజెన్సీలో గిరిజనులు ప్రాణంగా పట్టుకున్న ‘1/70 చట్టం’ కూడా శాసనసభ చేసిన చట్టం కాదు. అయిదో షెడ్యూలు కింద రాష్ట్రపతి ఆమోదంతో గవర్నరు చేసిన 1970 నాటి ఒకటో నిబంధన అది. గిరిజనేతరులకు భూమి బదిలీని అది ఆపింది. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు దాని అర్థాన్ని ఇంకా విప్పి, ప్రభుత్వం కూడా షెడ్యూలు ప్రాంతపు భూమిని ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వరాదంది. గవర్నరు చేశాడు, కోర్టు విస్తరించింది, అది అడవి మనిషికి మేలు చేసింది. ఇక్కడ శాఖలు కలిసినా నేను తప్పుపట్టను. రాజ్యాంగమే ఆ దారి రాసిపెట్టింది. ప్రభుత్వాన్నే నిలదీసే తలుపు గిరిజనుడికి తెరిచే ఉంది. రాగి రేకు పట్టుకున్న పాతకాలపు రైతుకు లేనిది ఆ తలుపే.

ఇక ‘విభజన’ అనే మాట. 2014 తర్వాత తెలుగువాడి చెవికి విభజన అంటే రాష్ట్ర విభజన. ఆస్తులు, అప్పులు, నీళ్లు, ఉద్యోగులు అని పంచుకున్న జ్ఞాపకం. అధికార విభజన అన్నా అదే ధ్వని, మూడు శాఖలూ అధికారాన్ని మూడు వాటాలుగా చీల్చుకున్నాయన్నట్టు. 2020లో ఆంధ్రప్రదేశ్ మూడు రాజధానుల చట్టం చేసినప్పుడు ఈ గందరగోళం బయటపడింది. విశాఖ కార్యనిర్వాహక రాజధాని, అమరావతి శాసన రాజధాని, కర్నూలు న్యాయ రాజధాని అన్నారు. మూడు శాఖల పేర్లు మూడు ఊళ్లకు వచ్చాయి. దక్షిణాఫ్రికాలో అలా ఉందని కూడా చెప్పారు, అక్కడ ఉన్నమాట నిజమే. కాని అది వికేంద్రీకరణ వాదం, ప్రాంతాల మధ్య సమతూకం గురించిన వాదం. దాని మంచిచెడ్డలు ఆ గీటురాయి మీదే తేల్చాలి. శాఖల మధ్య ఉండాల్సిన దూరం కిలోమీటర్లలో కొలిచేది కాదు. ఢిల్లీలో పార్లమెంటు, సచివాలయం, సుప్రీంకోర్టు కొద్ది కిలోమీటర్లలోనే ఉన్నాయి. ఆ చట్టాన్ని 2021 నవంబరులో ప్రభుత్వమే ఉపసంహరించింది. 2022 మార్చి 3న రాజధానిని మార్చే అధికారం శాసనసభకు లేదని హైకోర్టు తీర్పు చెప్పాక, కోర్టు తన హద్దు దాటిందా అని అదే నెలలో శాసనసభలో చర్చ జరిగింది. అసలైన అధికార విభజన చర్చ మొదలైంది అక్కడే.

విభజనకు బదులు ఏం మాట వాడాలి? వేర్పాటు అనలేం, వేర్పాటువాదం దాన్ని పాడుచేసింది. నాకు తోచే మాట ‘ఎడం’. మిరప నారు నాటేటప్పుడు మొక్కకూ మొక్కకూ ఎడం వదులుతారు. మొక్కలన్నీ ఒకే చేనివి, ఒకే నీరు తాగుతాయి, ఒకదాని నీడ ఇంకోదాన్ని చంపకుండా ఎడం ఉండాలి. అధికారాల మధ్య ఎడం అంటే పంపకం ధ్వని పోతుంది. ఒకరి పని మీద ఇంకొకరి నీడ పడకూడదన్న అర్థం వస్తుంది.

ఈ ఎడం చెరిగిపోయే చోటు రాజ్యాంగంలోనే ఒకటి ఉంది. ఫిరాయింపుల మీద పదో షెడ్యూలు 1985లో వచ్చింది. పార్టీ మారిన సభ్యుడు అనర్హుడా కాదా అన్నది స్పీకరు తేల్చాలి. స్పీకరు గెలిచి వచ్చింది ఒక పార్టీ టికెట్టు మీద, కూర్చునేది తీర్పరి కుర్చీలో. 1992లో సుప్రీంకోర్టు స్పీకరు ఆ పనిలో ట్రైబ్యునల్ అనీ, ఆ నిర్ణయం కోర్టు సమీక్షకు లోబడుతుందనీ చెప్పింది. తెలంగాణ శాసనసభ్యుల మీది అనర్హత పిటిషన్లు తేలకుండా ఉంటే, 2025 జులై 31న సుప్రీంకోర్టు మూడు నెలల్లో నిర్ణయించమని స్పీకరుకు గడువు పెట్టింది, ఈ బాధ్యత స్పీకరు దగ్గరే ఉండాలా అన్నది పార్లమెంటు ఆలోచించుకోవాలంది. ఏ రాష్ట్రంలో ఏ పార్టీ స్పీకరైనా ఇదే కథ. తీర్చవలసిన పనిని కట్టే సభకు అప్పజెప్పడం తప్పని నా నమ్మకం, దాన్ని స్వతంత్ర ట్రైబ్యునల్‌కు మార్చాలి.

పత్రికల్లో పనిచేసే మిత్రులకు, పాఠ్యపుస్తకాలు రాసేవాళ్లకు ఒక విన్నపం. ‘ముఖ్యమంత్రి శాసించారు’, ‘హైకోర్టు శాసించింది’ అని రాయకండి. ముఖ్యమంత్రి ఆదేశిస్తారు, కోర్టు తీర్పు చెబుతుంది. జీవోను ఉత్తర్వు అనండి, చట్టమనకండి. ఆర్డినెన్సును ఆర్డినెన్సనే రాసి, అది సభ ముందుకు ఏ తేదీలోగా రావాలో పక్కనే వేయండి. శాసనం అనే మాటను సభ చర్చించి ఆమోదించినదానికే ఉంచండి. ఏ పని ఎవరిదో పత్రికలో సరిగ్గా రాస్తే, ఆ పని వేరెవరైనా చేసిన రోజు పాఠకుడే పట్టుకుంటాడు.